మడత చెడితే మందు చెడినట్లే

"డాక్టరుగారూ! రోజూ ఈ సూదిపోట్లు ఎన్నాళ్ళు? ఇదే మందు బిళ్ళగా ఇవ్వకూడదా?"

ఇన్సులిన్ తీసుకుంటున్న చక్కెర వ్యాధిగ్రస్తుల్లో ఈ ప్రశ్న వేయనివారు అరుదు. దాని వెనకే మరో ప్రశ్న వస్తుంది: "మా ఇంట్లో ఫ్రిజ్ లేదండీ. సీసా ఎక్కడ పెట్టుకోమంటారు?"

చూడటానికి ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం లేదనిపిస్తుంది. కాని రెంటికీ జవాబు ఒక్కచోటే ఉన్నది. ఇన్సులిన్ ఒక మాంసకృత్తి, అంటే ప్రొటీను. మాంసకృత్తి బలమంతా దాని ఆకారంలో ఉంటుంది. ఆ ఆకారాన్ని తయారుచెయ్యడానికి మన ఒంట్లోని కణం ఎంత శ్రమపడుతుందో తెలుసుకుంటే, సీసాలోని ఇన్సులిన్‌ను ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అంచేత ఈ వారం కాస్త ఓపిక పట్టి నాతోపాటు కణం లోపలికి రండి.

పూసల దండ

మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. ఇవి 20 రకాల పూసలనుకోండి. ఏ పూస తర్వాత ఏ పూస గుచ్చాలో మన జన్యువుల్లో రాసి ఉంటుంది. అయితే దండ గుచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ దండ తనలో తాను ముడుచుకుని, మెలికలు తిరిగి, ఒక నిర్ణీతమైన ఆకారం పొందాలి. తాళంచెవికి పళ్ళు ఎటువంటివో మాంసకృత్తికి ఈ ఆకారం అటువంటిది. ఇనుము అదే అయినా పళ్ళు వంకరపోతే తాళం తెరుచుకోదు కదా!

దీనికి మీ వంటింట్లోనే రుజువు ఉన్నది. కోడిగుడ్డు తెల్లసొన పచ్చిగా ఉన్నప్పుడు తేటగా, జారుగా ఉంటుంది. ఉడికిస్తే తెల్లగా గట్టిపడుతుంది. అందులోంచి ఏమీ పోలేదు. దండలు కూడా తెగలేదు. వేడికి వాటి మడతలు విప్పుకుని, ఒకదానితో ఒకటి చిక్కుపడ్డాయి, అంతే. ఆ గుడ్డును మళ్ళీ చల్లటి నీళ్ళలో వేసినా, ఐసులో పెట్టినా పచ్చిసొన కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తరువాత పనికొస్తుంది.

ఇన్సులిన్ చిన్న మాంసకృత్తి. మొత్తం 51 పూసలు. ఒక గొలుసులో 21, రెండో గొలుసులో 30. వీటి వరసను ఇంగ్లండులో ఫ్రెడరిక్ శాంగర్ 1955 నాటికి పూర్తిగా తేల్చాడు. అందుకు 1958లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వరస తెలిసినా ఆకారం తెలియలేదు. ఆక్స్‌ఫర్డులో డొరోతీ హాడ్జ్‌కిన్ అనే విదుషీమణి, ఆమె సహచరులు ఎక్స్‌రేల సాయంతో 1969లో ఆ ఆకారాన్ని చూపించగలిగారు. ఆ బృందంలో మన దేశపు శాస్త్రజ్ఞుడు ఎం. విజయన్ కూడా ఉన్నారు.

చిరునామా ఉన్న ఉత్తరం

పొట్ట వెనకాల క్లోమం అనే గ్రంథి ఉన్నది. అందులో సుమారు పదిలక్షల చిన్నచిన్న కణసమూహాలు చెదురుమదురుగా ఉంటాయి. వీటిని లాంగర్‌హాన్స్ పుటికలంటారు. వాటిలోని బీటా కణాలే ఇన్సులిన్ తయారీ కేంద్రాలు.

కణాన్ని ఒక కార్ఖానాగా ఊహించుకుంటే, కేంద్రకం నుంచి వచ్చిన ఉత్తర్వును చదివి దండ గుచ్చే పనివాళ్ళు రైబోజోములు. ఇక్కడే ఒక చిక్కున్నది. కార్ఖానాలో తయారయ్యే సరుకు వేల రకాలు. కొన్ని కణంలోనే వాడుకకు ఉండాలి. కొన్ని బయటకు ఎగుమతి కావాలి. ఏది ఎక్కడికి పోవాలో తెలిసేదెలా?

ఉత్తరానికి పిన్‌కోడు ఉన్నట్లే మాంసకృత్తికీ ఒక చిరునామా ఉంటుంది. ఇన్సులిన్ కోసం గుచ్చే అసలు దండలో 110 పూసలుంటాయి. అందులో మొదటి 24 పూసలూ చిరునామా. "ఇది ఎగుమతి సరుకు, లోపలి గదిలోకి పంపండి" అని దాని అర్థం. ఆ గది పేరు అంతర్జీవ ద్రవ్యజాలం. కణమంతటా పరుచుకున్న పొరల, గొట్టాల అల్లిక అది. దండ ఆ గదిలోకి దూరగానే చిరునామా ముక్కను కత్తిరించి పారేస్తారు. ఉత్తరం చేరాక కవరుతో పనేమున్నది? ఇలా మాంసకృత్తుల్లోనే వాటి చిరునామాలు ఉంటాయని కనుగొన్నందుకు న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పదిహేనింట్లో ఒక్కటే సరైనది

ఇప్పుడు 86 పూసల దండ మిగిలింది. దీన్ని ప్రోఇన్సులిన్ అంటారు. అసలైన మడత పని ఈ గదిలోనే జరుగుతుంది.

ఈ దండలో ఆరు పూసలకు గంధకం ఉంటుంది. రెండేసి గంధకపు పూసలు కలిసి ఒక ముడి చొప్పున మూడు ముళ్ళు పడాలి. ఆరింటిని మూడు జతలుగా కలపడానికి పదిహేను మార్గాలున్నాయి. లెక్క వేసి చూసుకోండి! వాటిలో పనికొచ్చేది ఒక్కటే. మిగిలిన పద్నాలుగూ చెడు మడతలే. పొరపాటు ముడి పడితే విప్పి మళ్ళీ వేయడానికి ప్రత్యేకమైన ఎంజైములున్నాయి. దండలు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కాకుండా కాపలా కాసే మాంసకృత్తులు వేరే ఉన్నాయి. వీటిని షాపెరోన్లంటారు. కొత్త పెళ్ళికూతురు వెంట ఉండే తోడుపెళ్ళికూతురు లాంటివన్నమాట. పని అయ్యేదాకా పక్కనే ఉంటాయి, అయిపోగానే తప్పుకుంటాయి.

ఎంత చేసినా మడత సరిగా పడని సరుకును ఈ గది బయటకు పోనివ్వదు. దాన్ని వెనక్కి నెట్టి, "పనికిరాదు" అని ముద్ర వేసి, ముక్కలు చేయిస్తుంది. ఈ ముద్ర వేసే పద్ధతిని వివరించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. మన రేషను బియ్యానికి కూడా ఇంతటి తనిఖీ ఉంటే ఎంత బాగుండును!

సెంట్రింగు తీసేసిన శ్లాబు

మడత సరిపోయిన ప్రోఇన్సులిన్ చిన్నచిన్న తిత్తుల్లో గాల్జీ సంక్లిష్టం అనే మరో విభాగానికి చేరుతుంది. అక్కడ సరుకును వేరుచేసి మూటలు కడతారు. ఆ మూటల్లోనే చివరి పని జరుగుతుంది. దండ మధ్యభాగాన్ని రెండుచోట్ల కత్తిరించి తీసేస్తారు. అప్పటికే గంధకపు ముళ్ళు పడి ఉన్నాయి కాబట్టి రెండు కొసలూ విడిపోవు. అవే 21, 30 పూసల గొలుసులు. అదే ఇన్సులిన్.

మరి తీసేసే ముక్కను మొదట్లో ఎందుకు గుచ్చినట్లు? శ్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగు చెక్కలు ఎందుకు పెడతారో అందుకే. కాంక్రీటు గట్టిపడేదాకా అవి ఆధారం. గట్టిపడ్డాక ఊడదీస్తారు. ఆ మధ్య ముక్క ఉండబట్టే రెండు కొసలూ సరైన తీరులో ఎదురుపడి ముళ్ళు పడ్డాయి. ప్రోఇన్సులిన్ సంగతి 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ వెల్లడించాడు.

దండ గుచ్చడం మొదలుకొని మూట సిద్ధమయ్యేదాకా ఇదంతా గంటల వ్యవహారం. మనం భోంచేశాక రక్తంలో చక్కెర పెరగగానే సిద్ధంగా ఉన్న మూటలు కణం అంచుకు వచ్చి, పొరతో కలిసిపోయి, సరుకును రక్తంలోకి వదులుతాయి. క్లోమ కణాల్లో మాంసకృత్తుల ఈ ప్రయాణాన్ని మజిలీ మజిలీగా చూపించినవాడు జార్జ్ పలాడి. 1974లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయనొకడు. తిత్తులు దారి తప్పకుండా గమ్యం చేరే ఏర్పాటును విశదం చేసిన మరి ముగ్గురికి 2013లో అదే గౌరవం దక్కింది.

ఊడదీసిన సెంట్రింగు చెక్క మా డాక్టర్లకు బాగా ఉపయోగపడుతుంది. దాని పేరు సి-పెప్టైడ్. కణం ఎంత ఇన్సులిన్ వదిలితే అంతే సి-పెప్టైడ్ కూడా వదులుతుంది. సీసాలోని ఇన్సులిన్‌లో అది ఉండదు. కాబట్టి సూదిమందు వేసుకుంటున్న రోగిలో కూడా, అతని క్లోమం సొంతంగా ఎంత తయారుచేస్తున్నదో సి-పెప్టైడ్ పరీక్ష చెప్పగలదు. డాక్టరుగారు ఈ పరీక్ష రాస్తే అనవసరపు ఖర్చని విసుక్కోకండి.

కార్ఖానా అలసిపోతే

ఒక బీటా కణం చురుకుగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు పదిలక్షల ప్రోఇన్సులిన్ దండలు తయారు చెయ్యగలదని అంచనా. ఇంత పని ఒక చిన్న గదిలో! ఒళ్ళు పెరిగి, వ్యాయామం తగ్గి, ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోతే కణం మరింత ఇన్సులిన్ చెయ్యాల్సి వస్తుంది. గదిలో మడతపడని సరుకు పేరుకుంటుంది. కణం ముందు జాగ్రత్తగా కొత్త పని తగ్గించి, తోడు మాంసకృత్తుల్ని పెంచి సర్దుకుంటుంది. ఏళ్ళ తరబడి ఒత్తిడి తగ్గకపోతే కొన్ని కణాలు అలసిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. పెద్దవాళ్ళలో వచ్చే రెండో రకం చక్కెర వ్యాధి ముదరడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బరువు తగ్గమనీ, రోజూ నడవమనీ మేము చెప్పేది చాదస్తం కాదు. కార్ఖానా మీద భారం తగ్గించడానికే.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే మొదటి రకం వేరు. అక్కడ ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున బీటా కణాల్ని నాశనం చేస్తుంది. కార్ఖానాయే ఉండదు కాబట్టి వాళ్ళకు ఇన్సులిన్ ప్రాణాధారం.

ఇవిగాక అరుదైన రకం మరొకటున్నది. ఇన్సులిన్ జన్యువులో ఒక్క అక్షరం తప్పు పడితే, ఒక గంధకపు పూస స్థానంలో వేరే పూస వచ్చి చేరవచ్చు. ముడి పడదు, మడత కుదరదు, చెడిన సరుకు గదిలో పేరుకుని కణాన్నే చంపుతుంది. అటువంటి బిడ్డకు పుట్టిన కొన్ని నెలలకే చక్కెర వ్యాధి వస్తుంది. ఈ సంగతి 2007లో బయటపడింది. అందుచేత ఆరునెలల లోపు బిడ్డకు చక్కెర వ్యాధి కనిపిస్తే జన్యు పరీక్ష తప్పక చేయించాలి. ఎందుకంటే ఆ వయస్సులో వచ్చే వ్యాధికి వేరే జన్యువుల లోపాలు కూడా కారణం కావచ్చు. వాటిలో కొన్నింటికి ఇన్సులిన్ మాన్పించి బిళ్ళలతోనే నయంగా ఉంచవచ్చు. పరీక్ష చేయించకపోతే ఆ అదృష్టం ఉన్నదో లేదో తెలియకుండానే పోతుంది. అయితే డాక్టరు చెప్పేదాకా ఇన్సులిన్ ఆపకూడదు సుమా!

బిళ్ళ ఎందుకు కాదు?

ఇక మొదటి ప్రశ్నకు జవాబు సులభం. మన జీర్ణాశయానికి ఇన్సులిన్ అయినా కందిపప్పు అయినా ఒక్కటే. రెండూ మాంసకృత్తులే. ఆమ్లం దాని మడత విప్పుతుంది. జీర్ణరసాలు దండను తెంపి విడివిడి పూసలు చేస్తాయి. కణం అంత శ్రమపడి చేసిన ఆకారం కడుపులో కాసేపట్లో మాయమవుతుంది. అంచేతనే సూదితో చర్మం కిందికి ఇవ్వాల్సి వస్తున్నది. ఊపిరితిత్తుల ద్వారా పీల్చే ఇన్సులిన్ పొడికి 2014లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. బిళ్ళ చెయ్యాలని శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఈలోగా "ఇన్సులిన్ మాన్పించే పొడి" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మి సూది మానకండి.

మరో సందేహం: "భోజనానికి అరగంట ముందే ఎందుకు?" అని. సాధారణ ఇన్సులిన్ సీసాలో ఆరేసి అణువులు జింకు చుట్టూ గుంపు కట్టి ఉంటాయి. చర్మం కిందికి వెళ్ళాక ఆ గుంపులు విడిపోతేగాని రక్తంలోకి చేరవు. ఆ వ్యవధి కోసమే అరగంట. గుంపులు త్వరగా విడిపోయేట్లు మార్పు చేసిన కొత్త రకాల్ని భోజనానికి కొద్ది నిమిషాల ముందు వేసుకోవచ్చు. మీరు వాడేది ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఐసు చేసిన అపకారం

కొన్నేళ్ళ కిందట నేను పనిచేస్తున్న ఆస్పత్రికి పన్నెండేళ్ళ పిల్లను స్పృహ లేని స్థితిలో తెచ్చారు. రొప్పుతున్నది. నోటినుంచి మాగిన పళ్ళ వాసన. రక్తంలో చక్కెర అయిదువందలు దాటింది. మూత్రంలో కీటోనులు. ఇన్సులిన్ మానేసిన పిల్లల్లో కనిపించే ప్రమాదకరమైన స్థితి అది. తల్లి మాత్రం, "ఒక్క పూట కూడా మానలేదండీ! నా చేతులతో నేనే వేస్తున్నాను" అని ఒకటే ఏడుపు.

"ఆ సీసా ఒకసారి తెప్పించమ్మా" అన్నాను. సీసా లోపల గాజుకు తెల్లటి పలుకులు అంటుకుని ఉన్నాయి. ఆరాతీస్తే తెలిసింది. ఎండలు ముదిరాయని, పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో, అందులోనూ ఐసు పెట్టెలో దాచింది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నది. రోజూ బయటకు తీసి, కరిగించి వేసేది. మందు కొని, వేళ తప్పకుండా వేసినా పిల్ల ఒంట్లోకి వెళ్ళింది చాలావరకు మడత చెడిన మాంసకృత్తే. సెలైను, కొత్త సీసా ఇన్సులిన్‌తో మూడోరోజుకు పిల్ల లేచి కూర్చున్నది. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. సీసా చేతికిచ్చినవాళ్ళెవరూ ఈ నాలుగు మాటలు చెప్పలేదు.

ఉడికిన గుడ్డు సంగతి గుర్తున్నది కదా! కొన్ని మాంసకృత్తులు మడత విప్పుకున్నా అనువైన పరిస్థితి కల్పిస్తే మళ్ళీ ముడుచుకుంటాయి. దాన్ని నిరూపించినందుకే 1972లో క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కాని ముద్దలు కట్టిన ఇన్సులిన్‌కు ఆ భాగ్యం లేదు. దానికి తోడు మాంసకృత్తులు లేవు, మధ్య ముక్క లేదు. సెంట్రింగు ఊడదీసిన తర్వాత శ్లాబు కూలితే దానంతట అది లేచి నిలబడదు.

ఇంట్లో పాటించవలసినవి

1. వాడకం మొదలుపెట్టని సీసాల్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంచాలి. తలుపు అరలోనో, మధ్య అరలోనో పెట్టండి. ఐసు పెట్టెలోగాని, దానికి ఆనించిగాని పెట్టకండి.

2. ఒకసారి గడ్డకట్టిన సీసాను కరిగించి వాడకండి. చూడటానికి బాగానే ఉన్నా అందులో ఎంత బలం మిగిలిందో చెప్పలేం. పారేయండి.

3. వాడుతున్న సీసాను ఇంట్లో చల్లని చోట, 25, 30 డిగ్రీలకు మించని వేడిలో ఉంచితే చాలా రకాలు నాలుగు వారాలు నిలవ ఉంటాయి. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకోండి. మీ రకానికి గడువెంతో పెట్టెలోని కాగితంలో చూడండి.

4. ఫ్రిజ్ లేనివాళ్ళు రెండు మట్టికుండలు తీసుకోండి. పెద్దకుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్నకుండ పెట్టి, సీసాను నీరు చొరని డబ్బాలో ఉంచి చిన్నకుండలో పెట్టండి. పైన తడిగుడ్డ కప్పి, నీడలో గాలి తగిలేచోట ఉంచండి. ఇసుక ఆరిపోకుండా నీళ్ళు చల్లుతుండండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో కూడా ఇది కొంత ఆదుకుంటుంది. అయితే ఒక్కసారే నెలల తరబడి సరిపడా సీసాలు కొని నిలవ చేయకండి.

5. కిటికీలో, పొయ్యి దగ్గర, టీవీ మీద, స్కూటరు డిక్కీలో, ఎండలో ఆపిన కారులో సీసా పెట్టకండి. విమానంలో వెళ్ళేటప్పుడు చేతిసంచిలోనే ఉంచుకోండి.

6. సీసాను గిలకొట్టకండి. కుదుపుకు కూడా మడతలు విప్పుకుని పోగులు కడతాయి. తెల్లగా ఉండే రకాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే సమంగా కలుస్తుంది.

7. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారినా, పాలలా ఉండాల్సినది పలుకులు కట్టినా, గాజుకు మంచు పట్టినట్లు కనిపించినా వాడకండి.

8. తిండి, మోతాదు మారకుండానే చక్కెర హఠాత్తుగా పెరిగితే మోతాదు మీ అంతట మీరు పెంచకండి, మందు మానకండి. మరో మంచి సీసా మొదలుపెట్టి వెంటనే డాక్టరును కలవండి. పాత సీసాను కూడా వెంట తీసుకువెళ్ళండి. చెడిన మందుకు అలవాటుపడి మోతాదు పెంచుకున్నవారికి, మంచి సీసా మార్చగానే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే ఈ వారమే ఒక పని చేయండి. సీసాను వెలుతురులో పెట్టి చూడండి. మూత తీసిన తేదీ గుర్తుకు తెచ్చుకోండి. తేదీ గుర్తులేకపోతే కొత్త సీసా మొదలుపెట్టి, దాని మీద ఈ రోజు తేదీ వేయండి. చక్కెరను పరీక్ష చేయించి, అవసరమైతే మోతాదు సరిచేయించుకోండి.